12 దండల్లో 5 వెనక్కి వచ్చాయి: కొత్తగా పూసల పని మొదలుపెట్టినవాళ్ళ పనిముట్ల మీద ఒక కేస్ స్టడీ

వరలక్ష్మీ వ్రతం అయిన మూడో వారం, ఒక శనివారం సాయంత్రం కొళత్తూరు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో స్వీట్ల డబ్బా ఉంది. మూత తీస్తే లోపల తెగిన దండలు, విడిపోయిన పూసలు.

"అక్కా, వ్రతానికని 12 చేసిచ్చాను. 5 వెనక్కి వచ్చాయి. ఈ పని నాకు చేతకాదేమో" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

నేను చెన్నై పెరంబూరులో ఇంట్లోనే పూసల దండలు రిపేరు చేస్తాను. నేర్చుకుంటామని వచ్చేవాళ్ళకు నేర్పిస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. కొత్తవాళ్ళ దగ్గర నాకు ఎక్కువగా కనిపించే తప్పులన్నీ ఆ డబ్బాలో ఒకేచోట ఉన్నాయి. అందుకే ఈ కేసు పూర్తిగా రాసి పెట్టాలనిపించింది. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం రాయడం లేదు.

ముందు ఆమెతో ఒక మాట చెప్పాను. పూసల ఎంపిక బాగుంది. రంగుల పొందిక బాగుంది. దండలు ఎక్కువగా తెగింది కలిపిన చోటే. వైరు మడిచిన చోట, రింగు మూసిన చోట, లూప్ తిప్పిన చోట. అక్కడ చెయ్యి ఏం చేసిందో, ఏ పనిముట్టుతో చేసిందో చూద్దాం, ఆ తర్వాతే చేతనవునో కాదో మాట్లాడదాం అన్నాను.

డబ్బాతో పాటు ఆమె పనిముట్లు కూడా తెమ్మన్నాను. మర్నాడు తెచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్న కిట్ అది. "బిగినర్స్ సెట్" అని పైన రాసి ఉంది. జంప్ రింగులు, లాబ్‌స్టర్ హుక్‌లు, హెడ్ పిన్నులు, ఐ పిన్నులు, వైరు కొసను బిగించే గేర్ లాక్‌లు చిన్న చిన్న గదుల్లో వందల కొద్దీ ఉన్నాయి. ఒక కత్తెర, ఒక ట్వీజర్, వేలు సైజు చూసే ప్లాస్టిక్ రింగుల గుత్తి ఉన్నాయి. ప్లయర్ మాత్రం ఒక్కటే, దాని మూతి లోపలంతా పళ్ళు. అది చాలక వాళ్ళాయన కరెంటు పనికి వాడే కటింగ్ ప్లయర్ తెచ్చుకుని పని కానిచ్చింది. వైరు కత్తిరించడానికి గోళ్ళ కట్టర్ వాడానంది.

రింగు సైజులు చూసే గుత్తి ఉంది, దండ కట్టడానికి కావలసిన, గేర్ లాక్ నొక్కి బిగించే క్రింపర్ లేదు. కిట్లు తయారు చేసేవాళ్ళు సంఖ్య పెరిగేలా నింపుతారు. కొత్తవాళ్ళకు అందులో ఏది ముఖ్యమో తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. నాకు ఈ విషయంలో నిజంగా బాధ ఉంది. ఆ డబ్బుకు నాలుగు మంచి పనిముట్లు వచ్చేవి.

తెగిన చోటు ఏం చెబుతుంది

నా బల్ల మీద పాత ఉన్ని కంబళి ముక్క ఒకటి పరిచి ఉంటుంది. పూస దాని మీద దొర్లదు. ఐదు దండలనూ దాని మీద పక్కపక్కన పెట్టి, భూతద్దంతో ఒక్కొక్క కొస చూశాం.

రెండు అగేట్ రాతి పూసల దండలు. గేర్ వైరు మీద గుచ్చినవి, 18 అంగుళాల పొడవు, 8 మిల్లీమీటర్ల పూసలు. మొదటిదానిలో వైరు కొస ఎక్కడా దెబ్బతినలేదు, లాక్‌లోంచి నున్నగా జారిపోయింది. రెండోదానిలో వైరు లాక్ అంచు దగ్గరే తెగింది, తెగిన చోట సన్న పోగులు చీపురుపుల్లల్లా విచ్చుకున్నాయి.

మూడోది గ్లాస్ ముత్యాల దండ. నైలాన్ దారం మీద గుచ్చింది. నాలుగోది కెంపు లాకెట్ ఉన్న దండ, లాకెట్ పట్టుకునే రింగు నోరు తెరుచుకుంది. ఐదోది నల్లపూసలు. దాని సంగతి చివర్లో చెబుతాను, అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది అదే.

గేర్ వైరు అంటే నైలాన్ పూత ఉన్న సన్నని స్టీలు తీగ. పైకి ఒకే తీగలా కనిపిస్తుంది కానీ లోపల చాలా పోగులు మెలేసి ఉంటాయి. చవకవాటిలో 7 పోగులు, కాస్త మంచివాటిలో 19, మెత్తగా దారంలా వంగేవాటిలో 49. పోగులు పెరిగేకొద్దీ వైరు మెడ మీద ఒదిగి ఉంటుంది, మడత కూడా తొందరగా పడదు. ఆమె వాడింది 7 పోగులది.

ఇక్కడ నేను తొందరపడ్డాను. వైరు చూడగానే, "తప్పు ఈ వైరుదే" అనేశాను. నా దగ్గరున్న 49 పోగుల వైరు ఇచ్చి, ఆ రెండు దండలూ మళ్ళీ గుచ్చమన్నాను. ఆమె ఇంటికెళ్ళి గుచ్చి, తనే మెడలో వేసుకుని తిరిగింది. తొమ్మిదో రోజు ఫోన్. ఒకటి మళ్ళీ జారిపోయింది.

వైరు మార్చాను కానీ లాక్ కొలవలేదు. తెగిన చోటు చూసి కారణం చెప్పే పని చేస్తూ, కొలతే తీసుకోకపోవడం నా పొరపాటు. అప్పుడు వెర్నియర్ కాలిపర్ తీశాను. వైరు 0.38 మిల్లీమీటర్లు. గేర్ లాక్ 3 మిల్లీమీటర్లు. అంత పెద్ద లాక్‌లో ఈ సన్న వైరు రెండు పేటలు వేస్తే మధ్యలో బోలెడు ఖాళీ మిగులుతుంది. ఎంత గట్టిగా నొక్కినా లాక్ చదునవుతుందే కానీ వైరును పట్టుకోదు. పైగా ఒక్కో దండలో 57 పూసలు, బరువు దాదాపు 40 గ్రాములు. రోజంతా ఆ బరువు లాగుతుంటే నున్నటి నైలాన్ పూత కొద్దికొద్దిగా జారుతుంది. రెండో దండలో దీనికి ఉల్టా జరిగింది. జారుతుందన్న భయంతో కటింగ్ ప్లయర్‌తో బలం కొద్దీ నొక్కింది. లాక్ అంచు కత్తిలా మారి వైరును కోసేసింది.

2 మిల్లీమీటర్ల గొట్టం లాక్‌లు, ఒక క్రింపర్ తెచ్చాక ఈ సమస్య అక్కడితో పోయింది.

క్రింపర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొనుక్కున్నవాళ్ళలో కూడా చాలామంది దాన్ని మామూలు ప్లయర్‌లాగే నొక్కేస్తారు. దాని మూతిలో రెండు గూళ్ళు ఉంటాయి. పిడి వైపున్న గూట్లో ఒక పక్క చిన్న బొడిపె ఉంటుంది. కొస వైపున్నది గుండ్రంగా ఉంటుంది. లాక్‌ను ముందు పిడి వైపు గూట్లో పెట్టాలి. నొక్కే ముందు లాక్ లోపల రెండు పేటలూ ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన ఉన్నాయో లేదో చూసుకోవాలి. నొక్కితే బొడిపె వల్ల మధ్యలో గాడి పడుతుంది, పేటలు చెరొక పక్కా చిక్కుకుంటాయి. అప్పుడు లాక్‌ను పావు వంతు తిప్పి, గుండ్రటి గూట్లో పెట్టి మళ్ళీ నొక్కాలి. గాడి దగ్గర మడత పడి లాక్ సన్నని చిన్న గొట్టంలా మూసుకుంటుంది. రెండు పేటలూ చెరొక గదిలో బిగుస్తాయి. వేలితో తడిమితే ఎక్కడా గుచ్చుకోకూడదు.

ఇది గొట్టం ఆకారంలో ఉన్న లాక్‌లకు. గుండ్రటి గేర్ లాక్‌లు అంత చక్కగా మడత పడవు. వాటిని నున్నటి మూతి ఉన్న నోస్ ప్లయర్‌తో చదునుగా నొక్కడమే మేలు. అయితే అప్పుడు కూడా లాక్ సైజు వైరుకు తగ్గట్టుండాలి. మామూలు క్రింపర్ 2 మిల్లీమీటర్ల గొట్టాలకు సరిపోతుంది. అంతకన్నా చిన్న లాక్‌లకు చిన్న క్రింపర్, పెద్దవాటికి పెద్దది విడిగా దొరుకుతాయి. మొదట్లో ఒక్క సైజు లాక్‌లకే కట్టుబడితే ఒక్క క్రింపర్ చాలు.

ఇంకో రెండు అలవాట్లు నేర్పించాను. లాక్ నొక్కే ముందు పూసల మధ్య ఒకటి, రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచడం. మరీ బిగించి గుచ్చితే దండ కర్రలా నిలబడుతుంది, పూసలు లాక్‌ను నిత్యం తోస్తూ ఉంటాయి. రెండోది, లాక్ దగ్గర మిగిలిన తోకను అక్కడే కత్తిరించకుండా రెండు మూడు పూసల్లోకి వెనక్కి తోసి అప్పుడు కత్తిరించడం. ఇవి రెండూ డబ్బు ఖర్చు లేని పనులు.

రింగు, దారం

కెంపు లాకెట్ దండది చిన్న తప్పు. లాకెట్ పట్టుకునే ఆ జంప్ రింగును తెరిచేటప్పుడు రెండు కొసల్నీ కుడి ఎడమలకు లాగేసింది. అలా లాగిన రింగు మళ్ళీ గుండ్రంగా రాదు, నోటి దగ్గర వెంట్రుకంత సందు ఉండిపోతుంది. రెండు ప్లయర్లతో రెండు వైపులా పట్టుకుని, ఒక కొసను మన వైపుకూ రెండో కొసను అవతలకూ తిప్పాలి. మూసేటప్పుడు ఉన్న చోటు దాటించి కాస్త అటూ ఇటూ ఆడిస్తే కొసలు ఒకదానికొకటి రాసుకుని "టిక్" మని తగులుతాయి. దీనికోసమే రెండు ప్లయర్లు కావాలి. ఒక దాంతో, వేళ్ళ సాయంతో చేసే పని కాదిది.

ఆమె పళ్ళున్న ప్లయర్ ఈ దండలో ఇంకో నష్టం కూడా చేసింది. రింగు మీద గాట్లు పడ్డాయి. ఇమిటేషన్ నగల్లో పూత కింద ఉండేది సాధారణంగా ఇత్తడి. గాటు పడిన చోట పూత పోయి ఇత్తడి బయటపడుతుంది. చెన్నై ఉక్కకు మెడ ఎప్పుడూ చెమట పట్టే ఉంటుంది. చెమటలోని ఉప్పు తగిలి అక్కడే ముందు నల్లబడుతుంది, ఆకుపచ్చ మరక కూడా వస్తుంది. "నెలకే నల్లబడింది" అని ఎవరైనా దండ తిప్పి పంపితే నేను ముందు ప్లయర్ గాట్ల కోసమే వెతుకుతాను. నగల పనికి మూతి లోపల నున్నగా ఉన్న ప్లయర్లే కావాలి. పళ్ళున్నది ఇప్పటికే ఉంటే మూతికి మెత్తటి టేపు చుట్టి కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు.

ముత్యాల దండ దారం గాలానికి వాడేలాంటి నైలాన్ నరం. ఇక్కడి కొట్లలో తంగూసి అని అడిగితే ఇస్తారు. చవక, సూది అక్కర్లేదు, పూసల్లోకి సులువుగా దూరుతుంది, అందుకే కొత్తవాళ్ళు దాన్నే పట్టుకుంటారు. కానీ అది బరువుకు సాగుతుంది, తేమకు ఇంకాస్త సాగుతుంది. వారం తిరిగేసరికి ముత్యాల మధ్య దారం బయటికి కనబడింది. వదులైన దండలో పూసలు కదులుతూ దారాన్ని రాస్తుంటాయి. మధ్యమధ్యలో పెట్టిన లోహపు పూసల బెజ్జం అంచులు పదునుగా ఉండి దాన్ని కోసేశాయి. ముడి జారకుండా వేసిన సూపర్ గ్లూ కూడా మేలు చేయలేదు. గ్లూ ఆరిన మేరకు దారం పుల్లలా బిరుసైపోతుంది, బిరుసు ఆగిన చోట వంగి వంగి విరుగుతుంది.

పూసల అంచుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మగారిది రేణిగుంట. చిన్నప్పుడు ఆవిడ దగ్గర్లోని పాపానాయుడుపేట గాజు పూసలు కాగితం పొట్లంలో తెచ్చేది. కరిగిన గాజును సన్నని గొట్టంలా లాగి, ముక్కలుగా కోసి పూసలు చేసే ఊరది. పుదుచ్చేరి పక్కన అరికమేడులో, 1945లో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్వకాలు జరిపించిన చోట, దొరికిన పాత గాజు పూసల్లో ఎన్నో ఇలా గొట్టం లాగి కోసినవే. కోసిన గాజు అంచు కత్తిలా ఉంటుంది. అందుకే ఆ ముక్కల్ని బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేసి అంచులు గుండ్రం చేస్తారు. పూస తయారు చేసేవాళ్ళు అంత శ్రద్ధగా అంచు నునుపు చేశారంటే దారం తెగకూడదనే. మనం కూడా గుచ్చే ముందు బెజ్జాలు ఒకసారి చూసుకోవాలి.

దానికి రీమర్ అని సన్నని ఆకురాయిలాంటి పనిముట్టు ఉంది. పూసను నీళ్ళలో తడిపి, బెజ్జంలో పెట్టి నెమ్మదిగా తిప్పితే గరుకు పోతుంది. పొడిగా తిప్పితే పూస వేడెక్కి చిట్లొచ్చు, ధూళి ముక్కులోకి పోతుంది. మొదటి నెలలోనే కొనాల్సిన వస్తువు కాదు కానీ రాళ్ళ పూసలు, గాజు పూసలు వాడేవాళ్ళకు తొందరలోనే అవసరం పడుతుంది. ముత్యాల దండను మాత్రం గేర్ వైరుకు మార్చి, కరుకు అంచులున్న లోహపు పూసలు పక్కన పెట్టించాను.

నల్లపూసలు

మన ఇళ్ళల్లో నల్లపూసలు తెగాయి అనరు, పెరిగాయి అంటారు. ఆ మాట కూడా నోట రానివ్వరు. ఈ అమ్మాయి చేసిచ్చిన నల్లపూసలు పెళ్ళయి ఆరు నెలలైన ఒక కోడలి మెడలో, సరిగ్గా పూజ రోజున విడిపోయాయి. అత్తగారు కోప్పడలేదట. "పెరిగాయమ్మా, ఏమీ అనుకోకు" అని పసుపు కొమ్ము కట్టిన దారం వేశారట. ఆ పిల్ల మాత్రం రాత్రంతా నిద్రపోలేదని విని దండ చేసిన ఈ అమ్మాయి ఇంకా కుంగిపోయింది. నల్లపూసల ఆర్డరు ఇక తీసుకోనని అంది. నేనొప్పుకోలేదు. ఇంత నమ్మకంతో మెడలో వేసుకునే వస్తువు చేతకాక వదిలేస్తే ఎలా, నేర్చుకుని చేద్దాం అన్నాను.

అది గొలుసులాంటి దండ. 3 మిల్లీమీటర్ల నల్లపూస ఒక్కొక్కటీ ఒక తీగ ముక్కలో గుచ్చి, రెండు కొసలా లూప్ తిప్పి, ఒకదానికొకటి తగిలించింది. తీగ కొలిస్తే 0.3 మిల్లీమీటర్ల కన్నా కాస్త ఎక్కువ. లూప్‌లన్నీ సాదా లూప్‌లు, అంటే కొసను గుండ్రంగా తిప్పి వదిలేసినవి. అంత సన్న తీగకు సాదా లూప్ నిలవదు, లాకెట్ బరువుకే విచ్చుకుంటుంది.

సన్న తీగ ఎందుకు వాడావని అడిగాను. "22 గేజి కొన్నానక్కా, పూసలో దూరలేదు. అందుకని 28 తెచ్చుకున్నాను" అంది.

ఇది తన తప్పు అనలేను. గేజి అంకె పెరిగితే తీగ సన్నబడుతుందన్నదే కొత్తవాళ్ళను ముందు గందరగోళపెడుతుంది. దాని మీద ఇంకో తిరకాసు ఉంది. గేజికి బ్రిటిష్ లెక్క వేరు, అమెరికా లెక్క వేరు. 22 గేజి బ్రిటిష్ లెక్కలో 0.71 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో 0.64. 24 గేజి అయితే 0.56, 0.51. వీడియోలో అమెరికావాళ్ళు 22 అన్నారని మన కొట్లో 22 అడిగితే చేతికి వచ్చేది లావు తీగ కావచ్చు. చిన్న నల్లపూస బెజ్జానికి ఆ తేడా చాలు, దూరదు. అందుకే నేను గేజి మాట ఎత్తను, మిల్లీమీటర్లే చెబుతాను. చవకైన ప్లాస్టిక్ వెర్నియర్ అయినా సరే, మొదటి రోజు నుంచి పెట్టెలో ఉండాల్సిందే అంటాను. పూస సైజు, తీగ మందం, లాక్ సైజు మూడూ దానితోనే తెలుస్తాయి. ఈ కేసులో రెండు సమస్యలకు జవాబు అదే చెప్పింది.

ఆ పూసలకు అర మిల్లీమీటరు తీగ సరిగ్గా దూరింది. సాదా లూప్ మాన్పించి, మెడ చుట్టిన లూప్ నేర్పించాను. పూస దాటాక నోస్ ప్లయర్ మూతి కొసతో తీగను పట్టుకోవాలి. ఆ పట్టు మందమే తర్వాత చుట్లు వేయడానికి ఖాళీ అవుతుంది, ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. దాని పైన తీగను పక్కకు వంచాలి. వంచిన చోట గుండ్రటి మూతి ఉన్న రౌండ్ నోస్ ప్లయర్ పెట్టి తీగను దాని మీదుగా తిప్పితే లూప్ వస్తుంది. పక్క లింకు తగిలించాల్సింది ఇప్పుడే, మూశాక కుదరదు. తర్వాత లూప్‌ను నోస్ ప్లయర్‌తో పట్టుకుని, మిగిలిన తీగను ఆ ఖాళీలో రెండు మూడు చుట్లు పూస మీదికి ఆనేదాకా చుట్టాలి. మిగిలింది కత్తిరించి కొసను లోపలికి నొక్కాలి. ఇలా చుట్టిన లూప్ విప్పుకోవడానికి నోరే ఉండదు.

రౌండ్ నోస్ మూతి కొస సన్నగా, మొదలు లావుగా ఉంటుంది. ఒక్కో లూప్ ఒక్కో చోట తిప్పితే ఒక్కో సైజు వస్తుంది. దండలో అరవై లూప్‌లు అరవై రకాలుగా ఉంటే చూడలేం. మూతి మీద మార్కర్ పెన్నుతో ఒక గీత పెట్టుకుని, ప్రతిసారీ అక్కడే తిప్పమన్నాను. మొదటి ఇరవై రాగి తీగ మీద చేయించాను. పదిహేనో లూప్ దగ్గర ఆమె భుజాలు కిందికి దిగాయి. చేయి కుదురుకుందని నాకు అప్పుడు తెలిసింది.

ఇక్కడే కట్టర్ అవసరం కూడా వచ్చింది. గోళ్ళ కట్టర్ తీగ కొసను గిల్లినట్టు కోస్తుంది, రెండు వైపులా మొన మిగులుతుంది. ఆ మొన జాకెట్‌కు పట్టుకుంటుంది, మెడ గీరుకుంటుంది. ఫ్లష్ కట్టర్‌కు ఒక ముఖం చదునుగా ఉంటుంది. ఆ చదును ముఖం నగ వైపు పెట్టి కోస్తే కొస సమంగా వస్తుంది. చాలామంది తిప్పి పట్టుకుంటారు, అప్పుడు మంచి కట్టర్ కూడా మొనే మిగిలిస్తుంది. కోసేటప్పుడు ఎగిరిపోయే ముక్కను రెండో చేతి వేలితో అడ్డుకోవాలి, కంట్లో పడే ప్రమాదం నిజంగా ఉంది. ఇంకో జాగ్రత్త, గాజుల్లా చుట్టుకునే మెమరీ వైరును ఈ కట్టర్‌తో ఎప్పుడూ కోయకూడదు. అది గట్టిపరచిన స్టీలు. నా మొదటి మంచి కట్టర్ అంచుకు దాని వల్లే గుంట పడింది, తర్వాత ఏ తీగా సమంగా తెగలేదు. దానికి వేరే కట్టర్ ఉంటుంది.

ఏం కొన్నాం

ఒక గురువారం ఇద్దరం చెన్నైలోనే ఉన్న పారిస్ కార్నర్ బజారుకు వెళ్ళాం. షావుకారుపేట సందుల్లో పూసలు, తీగలు, హుక్‌లు, మెడ వెనక కట్టే డోరీలు టోకుగా అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. మధ్యాహ్నం దాటితే కాలు పెట్టే సందు ఉండదని పొద్దున్నే చేరాం. కొట్లో ప్లయర్లు చేతికిచ్చి చూడనిస్తారు, ఆన్‌లైన్‌లో లేని సౌకర్యం అదే. ప్లయర్ మూసి వెలుతురుకు పెట్టి చూడమన్నాను. మూతి కొసలు రెండూ సరిగ్గా కలవాలి, మధ్యలో వెలుతురు రాకూడదు. పిడి తెరిచి వదిలితే స్ప్రింగు మీద తనంతట తనే తెరుచుకోవాలి. ఆమె చేతులు చిన్నవి, పొట్టి పిడి ఉన్నవే తీసుకున్నాం.

నున్నటి మూతి నోస్ ప్లయర్లు రెండు, రౌండ్ నోస్ ఒకటి, ఫ్లష్ కట్టర్, క్రింపర్, ప్లాస్టిక్ వెర్నియర్. ఆరింటికీ కలిపి ఆమెకు 1,500 రూపాయల లోపే అయింది. 2 మిల్లీమీటర్ల లాక్‌లు, 49 పోగుల వైరు విడిగా.

గీతలు, గాడులు ఉన్న బీడ్ బోర్డు చూసి ముచ్చటపడింది. బాగానే ఉంటుంది, పూసలు దొర్లకుండా వరస పేర్చుకోవచ్చు, అంగుళాలు కూడా కనిపిస్తాయి. కానీ కంబళి ముక్క, దర్జీ టేపు ఆ పని చేస్తాయి కాబట్టి వద్దన్నాను. గుచ్చేటప్పుడు వైరు కొస నుంచి పూసలు జారకుండా పట్టే స్ప్రింగు స్టాపర్ కూడా కొననివ్వలేదు. కాగితాలకు పెట్టే నల్ల క్లిప్పు చాలు. కొలతల విషయంలో ఒక్కటి చెప్పాను. పూసలు లావయ్యేకొద్దీ అదే పొడవు దండ మెడలో బిగుతుగా కూర్చుంటుంది, ఎందుకంటే మెడకు తగిలేది లోపలి చుట్టే. అందుకే లావు పూసల దండకు అర అంగుళం, ముప్పావు అంగుళం ఎక్కువ పెట్టుకోవాలి. 16 అంగుళాలకు 8 మిల్లీమీటర్ల పూసలైతే 51, 6 మిల్లీమీటర్లవైతే 68 దాకా పడతాయి. ఆ లెక్క తెలిస్తే ఎన్ని సరాలు కొనాలో కొట్లోనే తేలిపోతుంది.

నేను పట్టుబట్టి కొనిపించింది ఇంకొకటి, మెడ వంచుకునే టేబుల్ లైటు. ఆమె రాత్రి పిల్లలు పడుకున్నాక ట్యూబులైటు కింద, వీపు వెలుతురుకు పెట్టి కూర్చునేది. లాక్‌లో పేటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయో లేదో ఆ నీడలో ఎవరికీ కనిపించదు. పని అయ్యాక కంబళి దులిపి, కింద పడ్డ పూసలు ఏరాలని కూడా చెప్పాను. వాళ్ళ చిన్నవాడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు.

ఆ తర్వాత

ఐదు దండలూ మళ్ళీ చేసి డబ్బు తీసుకోకుండా ఇచ్చింది. నల్లపూసలు ఇచ్చేముందు నా దగ్గరికి తెచ్చింది. ప్రతి లూప్‌నూ చీర కొంగు మీద రాసి చూశాం, ఒక్కచోట కూడా పట్టుకోలేదు. హుక్‌కు తగిలించి కిందివైపు అరకిలో పప్పు పొట్లం వేలాడదీసి రాత్రంతా ఉంచాం. ఏ దండకైనా నేను చేసే పరీక్ష ఇదే. పొద్దున చూస్తే పొడవు తేడా రాలేదు. ఆ కోడలి అత్తగారే వచ్చి తీసుకెళ్ళారు, శుక్రవారం వేసుకుంటుందని చెప్పారు.

అప్పటి నుంచి కార్తీక మాసం దాకా 14 దండలు చేసింది. ఒక్కటే తిరిగొచ్చింది, అదీ కొని తగిలించిన బ్యాక్ డోరీ పోగులు విడిపోవడం వల్ల. ఆ రకం డోరీ మార్చేసింది.

నిన్న ఫోన్ చేసి, అసలు ముత్యాల సరం ఒకటి ఆర్డరు వచ్చిందని చెప్పింది. ముత్యానికీ ముత్యానికీ మధ్య సిల్కు దారంతో ముడి వేయాలి, ముత్యాలు ఒకదాన్నొకటి రాసుకోకుండా, తెగినా ఒక్కటే జారిపోయేలా. దానికి మెలేసిన తీగ సూదులు, ముడిని ముత్యం దాకా తోసే సన్నటి ట్వీజర్ కావాలి. వెంటనే ఆన్‌లైన్‌లో చూశానక్కా, తెప్పించనా అని అడిగింది. ఆదివారం రా, ముందు నా ట్వీజర్‌తో పది ముడులు వేసి చూడు, ఆ తర్వాత ఏ మూతి కావాలో నీ చేతికే తెలుస్తుంది అని చెప్పాను.